అక్క వెన్నెముకలోని మచ్చను అడగవలసిన ప్రశ్న

మా అక్క ఆదోనిలో ఉంటుంది. బావ అక్కడి మార్కెట్ యార్డులో ఒక మండీలో ముప్పై ఏళ్ళుగా గుమాస్తాగా పనిచేస్తున్నారు. రొమ్ము క్యాన్సర్ తిరగబెట్టి, కిందటి ఏడాది హైదరాబాదులో అక్క కాలేయం నుంచి సూదితో తీసిన ముక్క ఫలితం చేతికి వచ్చిన రోజున, ఆ కాగితంలోని మాటలను నేను విడమరచి చెబుతూ ఉండగా ఆమె మధ్యలో ఆపి, "పాపా, బుడ్డల (వేరుశనగ కాయల) కుప్పకు ధర కట్టాలంటే మీ బావ ఒగ బస్తాలో గుచ్చి చూసి ఊరుకుంటాడా? నాలుగు తావుల తీసి చూస్తాడు. నా ఒంట్లో రెండు తావుల ఉండాదంటిరి, ఒగ తావునే తీసినారు. రెండోదాని సంగతి ఎట్ల తెలుస్తాది?" అని అడిగింది.

నేను కర్నూలులో డిగ్రీ విద్యార్థులకు ఇరవై రెండేళ్ళుగా రసాయన శాస్త్రం బోధిస్తున్నాను. అయినప్పటికీ ఆ పూట ఆ ప్రశ్నకు నా దగ్గర సమాధానం లేకపోయింది. ఆ తరువాత నెలల తరబడి చదువుతూ పోతే, మా అక్క అడిగిన ఆ ప్రశ్ననే శాస్త్రజ్ఞులు కూడా ఎంతో కాలంగా అడుగుతున్నారనీ, దానికి వారు వెతికిన సమాధానాలలో ఒకటి ఒంటె రక్తంలో దొరికిందనీ తెలిసింది. ఆ సంగతినే ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

అక్కకు 2019లో ఎడమ రొమ్ములో గడ్డ కనిపించింది. బయాప్సీ కాగితంలో హెర్2 అన్నచోట '2+' అని రాసి ఉంది. హెర్2 అనేది కణం పైపొర మీద ఉండే ఒక ప్రోటీను. పెరగమనే కబురును బయటి నుంచి అందుకొని కణం లోపలికి చేరవేసే గ్రాహకాల కుటుంబానికి చెందినది. మామూలు కణం మీద ఇవి వేల సంఖ్యలో ఉంటాయి. రొమ్ము క్యాన్సర్లలో 15 నుంచి 20 శాతం వాటిలో మాత్రం హెర్2 జన్యువు ప్రతులు పెరిగిపోయి, ఒక్కొక్క కణం మీద ఈ గ్రాహకాలు 20 లక్షల దాకా మొలుస్తాయి. అటువంటి కణితి తొందరగా పెరుగుతుంది, తొందరగా పాకుతుంది. ఈ సంబంధాన్ని అమెరికాలో డెన్నిస్ స్లామన్ బృందం 1987లో బయటపెట్టింది. అదే గ్రాహకాన్ని పట్టుకొనే యాంటీబాడీని మందుగా తయారుచేసి, 1998లో ట్రాస్టుజుమాబ్ అన్న పేరుతో అమెరికాలో అనుమతి పొందారు. ఒకప్పుడు అన్నింటికన్నా చెడ్డదిగా భావించిన రకం, ఈ మందు వచ్చాక వైద్యానికి బాగా లొంగే రకాలలో ఒకటైంది.

రంగు వేసి చూసే పరీక్షలో 0, 1+, 2+, 3+ అని నాలుగు మెట్లు ఉంటాయి. 3+ అయితే హెర్2 ఉన్నట్టే లెక్క. 2+ అంటే తేలనట్టు. అప్పుడు జన్యువు ప్రతులను నేరుగా లెక్కించే ఫిష్ పరీక్ష చేయాలి. అక్క ముక్క ఆ పరీక్షలో పాజిటివ్ అని తేలింది. శస్త్రచికిత్స, కీమోథెరపీ, ఏడాది పాటు మూడు వారాలకొకసారి ట్రాస్టుజుమాబ్, గుండె మీద దాని ప్రభావం తెలుసుకోవడానికి నడుమ నడుమ ఎకో పరీక్షలు, ఇవన్నీ సవ్యంగానే జరిగాయి. నాలుగేళ్ళు ఆమె బాగుంది. ఆ తరువాత నడుము నొప్పి మొదలైంది. పెట్ స్కాన్‌లో కాలేయంలో ఒకటి, వెన్నెముకలో ఒకటి, రెండు మచ్చలు కనిపించాయి.

పెట్ స్కాన్ ఏమి చెబుతుందో, ఏమి చెప్పదో ఇక్కడ తెలుసుకోవాలి. మామూలుగా చేసే పెట్ స్కాన్‌లో రేడియోధార్మిక ఫ్లోరిన్-18 తగిలించిన చక్కెర వంటి పదార్థాన్ని నరంలోకి ఎక్కిస్తారు. ఆకలిగొన్న కణాలు దాన్ని ఎక్కువగా లాగేసుకుంటాయి కాబట్టి అవి వెలిగినట్టు కనిపిస్తాయి. జబ్బు ఎక్కడుందో ఆ వెలుగు చెబుతుంది. ఏ రకమో, దాని మీద హెర్2 ఉన్నదో లేదో చెప్పలేదు. అందుకే కాలేయం నుంచి ముక్క తీశారు. అందులో హెర్2 '1+' మాత్రమే ఉందని వచ్చింది. మొదటి గడ్డకు, తరువాత వేరేచోట మొలిచిన దానికి ఇలా తేడా రావడం అరుదేమీ కాదు. క్యాన్సర్ కణాలు చోటు మారేటప్పుడు, మందు దెబ్బ తిన్నప్పుడు గుణం కూడా మార్చుకుంటాయి. ఒకే మనిషిలో రెండు చోట్ల రెండు రకాలుగా ఉండవచ్చు. మరి వెన్నెముకలోనిది రొమ్ములోని పాతదాని పోలికనా, కాలేయంలోని కొత్తదాని పోలికనా? ఎముక ముక్కను తీయడమే కష్టం; తీసినా, దాన్ని పలుచగా కోయడానికి ముందు అందులోని సున్నాన్ని ఆమ్లంలో కరిగించవలసి వస్తుంది. ఆ ఆమ్లం జన్యువును, ప్రోటీనును దెబ్బతీసి, హెర్2 పరీక్షను నమ్మరానిదిగా చేయగలదు. వైద్యులు ఆ మాట దాచకుండానే చెప్పారు. కాలేయం చెప్పిన దాన్ని బట్టి మందు మార్చారు.

ఒంట్లోని ప్రతి మచ్చను ఒకేసారి "నీ మీద హెర్2 ఉందా?" అని అడగగల పరీక్ష ఉంటే అక్క ప్రశ్నకు బదులు దొరుకుతుంది. హెర్2ను పట్టుకొనే యాంటీబాడీ మందు రూపంలో ఎలాగూ ఉంది. దానికే రేడియోధార్మిక అణువును తగిలించి ఎక్కిస్తే, అది ఎక్కడ అంటుకుంటుందో కెమెరాతో చూడవచ్చు. నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్‌లో ఈ పని చేసి 2010లో ఫలితాలు ప్రకటించారు. జిర్కోనియం-89 తగిలించిన ట్రాస్టుజుమాబ్‌తో మచ్చలు కనిపించాయి. కానీ చక్కటి బొమ్మ రావడానికి సూది వేసిన తరువాత 4, 5 రోజులు ఆగవలసి వచ్చింది.

ఆ ఆలస్యమంతా యాంటీబాడీ పరిమాణం వల్లనే వస్తుంది. నిండు యాంటీబాడీ బరువు సుమారు 150 కిలోడాల్టన్లు (అణువుల బరువుకు వాడే కొలత). మూత్రపిండాల జల్లెడ సుమారు 60 కిలోడాల్టన్లకు లోపు ఉన్నవాటినే బయటికి వదులుతుంది కాబట్టి ఇది వడపోతకు దొరకదు. దానికి తోడు, రక్తనాళాల గోడలలోని కణాలు యాంటీబాడీలను లోపలికి తీసుకొని, చెడగొట్టకుండా తిరిగి రక్తంలోకే వదిలే ఏర్పాటు ఒకటి శరీరంలో ఉంది. రోగాల నుంచి కాపాడే యాంటీబాడీ వారాల తరబడి నిలవడం మనకు మేలే. మందుకూ అది మేలే. బొమ్మ తీసేవారికి మాత్రం అది అడ్డంకి. రక్తమంతా వెలుగుతూ ఉంటే అందులో చిన్న మచ్చ ఎలా కనబడుతుంది? రక్తంలోని వెలుగు తగ్గేదాకా రోజులు ఆగాలి, అన్ని రోజులు ఆరిపోని అణువును వాడాలి, అందువల్ల శరీరానికి తగిలే రేడియేషన్ కూడా పెరుగుతుంది.

అందుకని యాంటీబాడీని చిన్నది చేయాలన్న ఆలోచన వచ్చింది. యాంటీబాడీని ముక్కలు చేయడం నిజానికి పాత విద్య. 1959లో ఇంగ్లండులో రోడ్నీ పోర్టర్ యాంటీబాడీలను పపైన్‌తో కోసి చూపాడు. యాంటీబాడీ నిర్మాణాన్ని విప్పిచెప్పినందుకు 1972లో ఆయనకు నోబెల్ బహుమతిలో భాగం దక్కింది. పపైన్ అంటే బొప్పాయి పాలలో ఉండేదే. మన ఇళ్ళలో ముదురు పొట్టేలు మాంసం మెత్తబడడానికి పచ్చి బొప్పాయి ముక్క వేస్తారు కదా, ఆ పని చేసే ఎంజైము అదే. కడప, అనంతపురం వైపు బొప్పాయి తోటలు చూసినప్పుడల్లా నాకు ఇప్పుడు పోర్టర్ గుర్తుకు వస్తాడు. పపైన్ కోసిన తరువాత మిగిలే, పట్టుకొనే గుణం ఉన్న ముక్క సుమారు 50 కిలోడాల్టన్లు. ఇంకా చిన్నది కావాలంటే చిక్కు వస్తుంది. మన యాంటీబాడీలో లక్ష్యాన్ని పట్టుకొనే కొన, బరువైన గొలుసు ఒకటి, తేలికైన గొలుసు ఒకటి జతకూడితేనే ఏర్పడుతుంది. ఒకదాన్ని విడదీస్తే రెండవది నీళ్ళలో నిలకడగా ఉండదు, ఒకదానికొకటి అతుక్కొని ముద్ద కడుతుంది.

ఆ చిక్కును విప్పినది ఒంటె. బెల్జియంలోని బ్రస్సెల్స్ విశ్వవిద్యాలయంలో 1980ల చివర విద్యార్థుల ప్రయోగ తరగతిలో, ఫ్రీజర్‌లో నిలవ ఉన్న ఒంటె రక్తరసం నుంచి యాంటీబాడీలను వేరుచేస్తుండగా, తేలిక గొలుసు అసలే లేని వింత యాంటీబాడీలు బయటపడ్డాయి. రేమండ్ హామర్స్ బృందం దాన్ని వదలకుండా పరిశోధించి 1993లో 'నేచర్' పత్రికలో ప్రకటించింది. ఒంటెలు, లామాలు మనకున్నటువంటి యాంటీబాడీలతో పాటు వీటిని కూడా తయారుచేసుకుంటాయి. జత అవసరం లేని ఆ ఒంటరి గొలుసు కొనను మాత్రమే తీసుకుంటే 15 కిలోడాల్టన్ల తునక మిగులుతుంది. నిండు యాంటీబాడీలో పదో వంతు. దానికే నానోబాడీ అని పేరు. ఇంత చిన్నదైనా పట్టు మాత్రం తగ్గదు. బ్యాక్టీరియాలోనే దీన్ని పెంచి తీయవచ్చు. వేడికి కూడా బాగా ఓర్చుకుంటుంది. వేసవిలో 43 డిగ్రీలు చూసే మా ఊరివాళ్ళకు ఈ గుణం విలువ వేరే చెప్పనక్కరలేదు. మందుగా కూడా ఇది పరాయిది కాదు. కాప్లాసిజుమాబ్ అనే నానోబాడీకి, ఒక అరుదైన రక్తం గడ్డకట్టే జబ్బు కోసం, 2018లో ఐరోపాలో అనుమతి వచ్చింది.

ఇక రేడియోధార్మిక లోహాన్ని ఈ తునకకు ఎలా తగిలిస్తారన్నది నా సబ్జెక్టు. మా ప్రయోగశాలలో ఏటా విద్యార్థులు బోరు నీళ్ళ కాఠిన్యాన్ని ఈడీటీఏతో కొలుస్తారు. ఆ ఈడీటీఏ అణువు తన కొనలన్నింటితో కాల్షియంను చుట్టూ నుంచి పట్టుకుంటుంది. అదే పద్ధతిలో, నోటా అనే అణువును ముందుగా నానోబాడీకి అతికించి, దాని పిడికిట్లో గాలియం-68ను ఉంచుతారు. పట్టు సడలితే లోహం రక్తంలో కలిసి బొమ్మను పాడుచేస్తుంది కాబట్టి, ఏ లోహానికి ఏ పిడికిలి సరిపోతుందన్నది చాలా జాగ్రత్తగా ఎంచుకుంటారు. ఈ భాగాన్ని తరగతిలో చెప్పిన రోజున మా పిల్లలు గంట కొట్టినా కదలలేదు.

బ్రస్సెల్స్‌లోనే ఈ గాలియం-68 హెర్2 నానోబాడీని రొమ్ము క్యాన్సర్ ఉన్న 20 మంది స్త్రీలకు ఇచ్చి, మొదటి దశ ఫలితాలను 2016లో ప్రకటించారు. ఎవరికీ దుష్ప్రభావాలు కనిపించలేదు. సూది వేసిన గంటకు రక్తంలో పదో వంతు మాత్రమే మిగిలింది. గంట, గంటన్నర మధ్యలో తీసిన బొమ్మలు బాగా వచ్చాయి. ఒక్కొక్కరికి తగిలిన రేడియేషన్ సగటున 4.6 మిల్లీసీవర్టులు; నేల నుంచి, ఆకాశం నుంచి ప్రపంచంలో ఒక మనిషికి ఏటా సగటున అందే 2.4 మిల్లీసీవర్టులకు దాదాపు రెండింతలు. నాకు అన్నింటికన్నా ముఖ్యమనిపించిన సంగతి మరొకటి ఉంది. ఈ నానోబాడీ హెర్2 మీద పట్టుకొనే చోటు వేరు, ట్రాస్టుజుమాబ్, హెర్2నే పట్టుకొనే మరో మందు పెర్టుజుమాబ్ పట్టుకొనే చోట్లు వేరు. అందువల్ల ఆ మందులు వాడుతున్న మనిషికి కూడా మందు ఆపకుండా ఈ పరీక్ష చేయవచ్చు. కుర్చీ ఒకటే అయినా కూర్చునే చోటు ఒకటి కాకపోవడం వల్ల ఒకదాన్ని ఒకటి తోసేయదు.

ఎంత ఉందన్న ప్రశ్న కూడా ఈ మధ్య మారింది. ఒకప్పుడు హెర్2 ఉందా, లేదా అన్న రెండే గళ్ళు ఉండేవి. ట్రాస్టుజుమాబ్ డెరుక్స్‌టెకాన్ అనే మందుకు 2022 ఆగస్టులో అమెరికాలో, హెర్2 తక్కువగా ఉన్న కణితులకు కూడా అనుమతి ఇచ్చారు. 1+ అనే మాట అప్పటిదాకా లేదనడానికి సమానం. ఇప్పుడు దానికీ వైద్యం ఉంది. కాబట్టి ఏ మచ్చ మీద ఎంత ఉందన్నది తెలియడం ఇదివరకటి కన్నా ఇప్పుడు ఎక్కువ అవసరం.

మావంటి ఊళ్ళవాళ్ళకు రోజుల లెక్క ఎంత ముఖ్యమో చెప్పాలి. ఆదోని నుంచి కర్నూలుకు వంద కిలోమీటర్లు, అక్కడి నుంచి హైదరాబాదుకు మరో రెండు వందల పైచిలుకు. సూది సోమవారం, స్కాన్ శుక్రవారం అంటే లాడ్జి ఖర్చు, బావ పని మానుకొని కూలి పోగొట్టుకొనే దినాలు, వెన్ను నొప్పితో పరాయి ఊళ్ళో పడిగాపులు. చిన్న తునకతో అయితే పొద్దున సూది, మధ్యాహ్నానికి స్కాన్ ముగిసి, సాయంత్రానికి బస్సు ఎక్కవచ్చు. ఇక్కడ మరొక లెక్క వేసి చూశాను. హైదరాబాదులో తయారైన అణువు నాలుగు గంటలలో కర్నూలు చేరుతుందనుకుంటే, అర్ధాయువు, అంటే సగం ఆరిపోవడానికి పట్టే కాలం, 68 నిమిషాలు మాత్రమే ఉన్న గాలియం-68లో 9 శాతం కూడా మిగలదు. 110 నిమిషాల ఫ్లోరిన్-18లో 22 శాతం, 6 గంటల టెక్నీషియం-99ఎంలో 63 శాతం మిగులుతాయి. కాబట్టి గాలియం బండి మీద వచ్చేది కాదు; జెర్మేనియం-68 నింపిన జనరేటరును ఆసుపత్రిలోనే పెట్టుకొని, కావలసినప్పుడల్లా అందులో నుంచి గాలియంను తీసుకోవాలి. ఈ రంగంలోనివారు అటువంటి జనరేటరును ఆవు అనీ, తీయడాన్ని పాలు పిండడమనీ అంటారు. జెర్మేనియం అర్ధాయువు 271 రోజులు కాబట్టి ఒక్క ఆవు చాలా నెలలు పాడి ఇస్తుంది. టెక్నీషియం అయితే పెట్ యంత్రం కూడా అక్కరలేదు, అంతకన్నా చవకైన గామా కెమెరా చాలు. టెక్నీషియం తగిలించిన హెర్2 నానోబాడీని షాంఘైలో రోగులకు ఇచ్చి చూశారు. బొమ్మ పెట్ అంత పదునుగా రాకపోయినా, జిల్లా కేంద్రాల దాకా వచ్చే దారి అదేనని నా నమ్మకం.

లోపాలు లేవని చెప్పడం అబద్ధమవుతుంది. మూత్రపిండాల గుండా వెళ్ళే తునకలో చాలా భాగం అక్కడే చిక్కుకొని, అవి రెండూ బొమ్మలో మండుతున్నట్టు కనిపిస్తాయి. వాటి పక్కనున్న చిన్న మచ్చ ఆ వెలుగులో మరుగున పడవచ్చు. బ్రస్సెల్స్ పరీక్షలో మొదటి గడ్డలు పీల్చుకున్న మోతాదు ఒకరికొకరికి చాలా తేడాగా ఉంది. కాలేయం, పేగులు కూడా కొంత వెలుగుతాయి. ఈ చివరి వాక్యం చదివినప్పుడు నా మనసు కుంగింది. అక్క మచ్చల్లో ఒకటి కాలేయంలోనిదే కదా, అక్కడ ఈ పరీక్షకు చూపు మందగిస్తుందన్నమాట.

మరునాడు అదే సంగతిని తిరగేసి చూస్తే వేరుగా తోచింది. కాలేయం సూదికి సులువుగా అందే చోటు. ముక్క తీయవచ్చు, తీసిన ముక్క చెడదు. ఎముక సూదికి కష్టం, ముక్క ఆమ్లానికి బలి. నానోబాడీకి ఎముకలో ఆ ఇబ్బంది లేదు, ఎందుకంటే మామూలు ఎముక దాన్ని దాదాపుగా పట్టుకోదు, కాబట్టి అక్కడ వెలుగు కనిపిస్తే అది హెర్2 వెలుగే. అంటే సూది పనికిరాని చోటనే ఈ తునక బాగా పనికివస్తుంది, తునకకు చూపు ఆనని చోట సూది ఉంది. బయాప్సీకి ఇది పోటీ అని కొందరు రాయడం చూశాను. నాకది సరి అనిపించలేదు. బావ బస్తాలోకి గుచ్చే ఇనుప గొట్టమూ కావాలి, కుప్ప చుట్టూ తిరిగి చూసే కన్నూ కావాలి. మెదడులోని మచ్చల విషయంలో కూడా ఇదే వర్తిస్తుంది. హెర్2 రకం మెదడుకు పాకడం ఎక్కువ. మెదడు సహజంగానే చక్కెరను విపరీతంగా వాడుకుంటుంది కాబట్టి మామూలు పెట్‌లో మచ్చ విడిగా తెలియడం కష్టం. ఇక అక్కడి నుంచి ముక్క తీయడం ఎంత కష్టమో చెప్పనక్కరలేదు.

ఇదే తునకకు గాలియం బదులు అయోడిన్-131 తగిలించి, చూడడానికే కాక కణితిని కాల్చడానికి కూడా వాడవచ్చునేమో అన్న పరీక్షలు మనుషుల మీద మొదలయ్యాయి. అది వేరే వ్యాసానికి సరిపడా సంగతి. హెర్2 నానోబాడీ బొమ్మ కూడా ఇంకా పరిశోధన దశలోనే ఉంది, అడిగితే ఆసుపత్రిలో చీటీ రాసి చేసే పరీక్ష కాదు.

కొత్త మందు మొదలైన తరువాత తీసిన స్కాన్‌లో అక్క కాలేయం మచ్చ సగానికి సగం తగ్గింది. వెన్నెముకలోనిది మాత్రం ఉన్నట్టే ఉంది. వచ్చే నెల మళ్ళీ తుంగభద్ర ఎక్స్‌ప్రెస్‌లో హైదరాబాదు వెళుతున్నాం. వైద్యులను అడగవలసినవి అక్కే ఒక నోటు పుస్తకంలో రాసుకుంది, స్పెల్లింగులు మాత్రం నేను చెప్పాను. మొదటిది, వెన్నెముక నుంచి ముక్క తీసి, సున్నాన్ని ఆమ్లంతో కాకుండా ఈడీటీఏతో నెమ్మదిగా కరిగించి హెర్2 పరీక్ష చేసే వీలుందా అని. ఈడీటీఏ వాడితే ప్రోటీను, జన్యువు చాలావరకు చెడకుండా ఉంటాయి. రెండవది, హెర్2 నానోబాడీ పరీక్షలు మన దేశంలో ఎక్కడైనా జరుగుతుంటే అందులో చేరడానికి తన వయసు, తన మందులు అడ్డం వస్తాయా అని. ఆ రెండు ప్రశ్నల కింద ఆమె తన మాటలలోనే మూడవ వాక్యం ఒకటి రాసుకుంది: "రెండో తావు సంగతి కూడా సూడండి సార్."